మౌలాలి పంకా

కడపలో బస్సులు బాగుచేసే మౌలాలి జుమ్మా రోజు షెడ్డుకు పోడు. నమాజు కాగానే మిద్దెక్కి, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఊరు వదిలిన తెల్లదొర ఇచ్చిపోయిన బుల్లి ఇంజనున్న బొమ్మ విమానం ముక్కుకు, తాను చెక్కిన కొత్త పంకా బిగిస్తాడు. గుడ్డ చుట్టిన వేలితో తిప్పుతాడు. పంకా పెద్దదైతే ఇంజను దగ్గి ఆగిపోతుంది. మరీ చిన్నదైతే కీచుమని అరుస్తుంది గానీ విమానాన్ని కదిలించలేదు. అందుకే తోక పట్టుకుని కళ్లు మూసుకుంటాడు. విమానం చేతిని గట్టిగా ముందుకు లాగితేనే కొలత కుదిరినట్టు.

మొన్న టేకు పంకా కొనలు అరగదీసి తిప్పితే చెయ్యి ముందుకు సాగింది.

"లాగుతాండాది కదా, ఇంగ వదలరాదా?" అంది మెట్ల మీదినుంచి భార్య అబీదా బీ.

"పోతే మళ్లా యాడ తెచ్చేది?" అంటూ మౌలాలి రెండో చెయ్యి కూడా వేసి, చమురు అయిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు. తరువాత ఆ పంకా విప్పి పెట్టెలో దాచి, ఇంకో టేకుముక్క చెక్కడానికి కూర్చున్నాడు.