దొంతిలో ఏడో మార్పు

ఆ ఏడాది పత్తి తూకాలు మొదలయ్యే ముందు మా దగ్గర ఒకే ప్రోగ్రాంకు రెండు రూపాలు ఉండేవి. ఒకటి కరీంనగర్‌లో నా దగ్గర, రెండోది ఆదిలాబాద్‌లో అక్క దగ్గర. అక్క అంటే తోడబుట్టినది కాదు. మా కంప్యూటర్ సెంటర్ తరఫున ఆదిలాబాద్‌లో పనిచేసే ఒకే ఒక్క ప్రోగ్రామర్. నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఇంట్లో తల్లితో మరాఠీ, బయట తెలుగు మాట్లాడేది. నన్ను మొదటి రోజు నుంచే తమ్మీ అని పిలిచింది.

మిల్లులో కాంటా మీద తూచిన సరుకుకు చీటీ రాయడం ఆ ప్రోగ్రాం పని. కరీంనగర్‌లో ధాన్యం సంచుల్లో వస్తుంది కాబట్టి నేను సంచుల లెక్క చూసుకున్నాను. ఆదిలాబాద్‌లో పత్తి ఎడ్ల బండ్లలో విడిగా వస్తుంది. నిండు బండిని తూచి, పత్తి దించాక ఖాళీ బండిని తూచి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయాలి. అక్క తన ప్రోగ్రాంను దానికి తగ్గట్టు మార్చుకుంది. నేను నా మార్పుల ఫ్లాపీని ఆదిలాబాద్ బస్సు కండక్టర్ చేతికిచ్చేవాణ్ని, ఆమె తన ఫ్లాపీని తిరుగు బస్సుకు ఇచ్చేది. ఎవరి మార్పు ఎవరి దాంట్లో చేరిందో, ఏది ఎవరు చెరిపేశారో కొన్నాళ్లకు ఇద్దరికీ తెలియకుండా పోయింది. ఫైళ్లకు పేర్లు కూడా కొత్త, కొత్త రెండు, అసలు కొత్త అని పెట్టుకుంటూ పోయాం.

అప్పుడు పుట్టింది నా దొంతి.

ఇంట్లో కుండల మీద కుండలు పేర్చినట్టు ప్రోగ్రాం మీద మార్పుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చాలన్నది ఆలోచన. మొత్తం ప్రోగ్రాంను మళ్లీ మళ్లీ దాచడం కాదు. ప్రతి మార్పులోనూ మూడే దాచాలి: పోయిన పంక్తులు, వచ్చిన పంక్తులు, చోటు గుర్తుపట్టడానికి చుట్టుపక్కల పంక్తులు కొన్ని. మధ్యలో కుండ కావాలంటే పైవాటిని దించి, దాన్ని సర్ది, మళ్లీ పైవాటిని ఎక్కించాలి. ఈ ఎక్కించడం మొదటిసారి తప్పు లేకుండా జరిగిన మధ్యాహ్నం నేను కుర్చీలోంచి లేచి, మా సెంటర్ కింద ఉన్న ఎరువుల దుకాణం దాకా మెట్లు దిగి, ఎవరికి చెప్పాలో తెలియక మళ్లీ పైకి ఎక్కాను.

ఇక కావలసింది మనిషి కూర్చుని స్వయంగా సర్దుకునే వీలు. దానికి "సర్దు" అనే కమాండ్ రాశాను. తెర మీద తెలుగు అక్షరాలు రావు, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు మాటలు కొట్టేవాళ్లం. సర్దు అని కొడితే మార్పులన్నీ పంక్తికొకటి చొప్పున వస్తాయి. వాటిని పైకీ కిందికీ జరపవచ్చు. ప్రతి పంక్తి ముందు ఒక మాట రాయవచ్చు. "ఉంచు" అంటే ఉన్నది ఉన్నట్టు. "కలుపు" అంటే కింది మార్పుతో కలిపి ఒకటి చేయడం. "మార్చు" అంటే అక్కడ ఆగి మన చేతికిస్తుంది, మనం దిద్దాక "కానియ్" అంటే ముందుకు సాగుతుంది. నాలుగో మాట "తీ". తెలుగులో రాస్తే ఒక్క అక్షరమేనని దాన్ని చూసి నేను ముచ్చటపడ్డాను కూడా.

ఫోన్‌లో అక్కకు సగం వరకే చెప్పగలిగాను.

"దొంతా? పేరు కుండలది పెట్టినవేంది తమ్మీ. పలగ్గొడ్తవా ఏంది?"

"నువ్వు రా అక్కా, చూస్తే నీకే తెలుస్తది."

ఈలోపు మా సారు గడువు పెట్టారు. సెంటర్ ఆయనదే. ఊళ్లో భూములు చూసుకుంటూనే టౌన్‌లో దీన్ని తెరిచిన మనిషి. "ఎల్లుండి ఆదిలాబాద్‌ల కాంటా షురూ అయితది. రెండు ప్రోగ్రాంలు నాకొద్దు. ఒక్కటే ఉండాలె. ఒక్కటి గాకపోతె కరీంనగర్‌దే పెడుదం" అన్నారు.

కరీంనగర్‌దే పెడితే ఏం పోతుందో అక్కకు తెలుసు. పోయిన సీజన్‌లో నిండు బండిని ఎడ్లు విప్పి తూచారు, ఖాళీ బండిని ఎడ్లు కట్టి తూచారు. రైతు బండిలో పత్తి తక్కువే ఉంది. చీటీ మీద పత్తి బరువు సున్నా కంటే కిందికి వచ్చింది. ఆ రైతు చీటీ పట్టుకుని వచ్చి, "పత్తి నేను తెస్తి, మళ్ల నేనే మిల్లుకు పత్తి ఇయ్యాల్నా బిడ్డా?" అని అడిగాడట. అంత వింతగా వస్తే ఎవరైనా పట్టుకుంటారు. బండి నిండా పత్తి ఉంటే చీటీ మీద తూకం తగ్గి వస్తుందంతే, ఎవరికీ అనుమానం రాదు. అక్క ఏడో మార్పు దానికే చేసింది. ప్రతి తూకం దగ్గరా ప్రోగ్రాం "ఎడ్లున్నాయా?" అని అడుగుతుంది. రెండుసార్లూ ఒకే జవాబు రాకపోతే చీటీ ఇవ్వదు.

అక్క మరునాడు పొద్దున బస్సుకు వచ్చింది. సాయంత్రం బస్సుకు ఒక్కటైన ప్రోగ్రాంతో తిరిగి పోవాలి. చేతిలో ఒక ఫ్లాపీ. అందులో ఆమె పూర్తి ప్రోగ్రాం, విడివిడిగా పన్నెండు మార్పులు. మా హార్డ్ డిస్క్ నిండిపోయి ఉండడంతో దొంతిని ఆ ఫ్లాపీ మీదనే నడిపాను. సర్దు కొట్టి, జాబితా రాగానే కుర్చీ ఆమెకు ఇచ్చాను. నేను తయారుచేసినది వేరే మనిషి చేతిలో నడవడం చూడాలని నాకు ఎంత ఆత్రంగా ఉందంటే, టీ తెస్తానని లేచిన వాణ్ని వెళ్లకుండా అక్కడే నిలబడ్డాను.

ఆమె జాబితా అంతా ఒకసారి చదివింది. "మంచిగున్నది" అంది. ఏడో మార్పు ముందు ఏదో కొట్టి, సేవ్ చేసింది.

ఫ్లాపీ గరగరలాడింది. ఒకటి ఎక్కింది, రెండు ఎక్కింది, ఆరు దాకా ఎక్కాయి. ఎనిమిది ఎక్కింది. తొమ్మిది దగ్గర ఆగి, గుర్తుపట్టే పంక్తులు లేక దాని చోటు దొరకలేదని చూపించింది.

"ఏడేది?" అన్నాను.

"అదే నేను అడుగుతున్న. ఏడు తీ అన్న గదా, చూపిస్తలేదేంది?"

"అక్కా, తీ అంటే తీసెయ్ అని."

ఆమె కుర్చీ నా వైపు తిప్పింది. "తీసెయ్ అంటె తీసెయ్ అని రాయాలె. తలుపు తీ అంటె ఏం చేస్తవ్? తలుపు తీసి బయట పారేస్తవా?"

"లేదు కానీ..."

"డబ్బా తీ అంటె? పుస్తకం తీ అంటె? కాయ్ రే బాబా, నేను ఏడో మార్పు ఒకసారి తెరిచి చూద్దామని తీ అన్న!"

దొంతి ఏడో మార్పు ఫైలును చెరిపేసి, దాని చోటనే కొత్త వరుస రాసేసింది. చెరిపిన ఫైళ్లను వెనక్కి తెచ్చే ప్రోగ్రాం నడిపి చూశాం. ఫైలు పేరులో మొదటి అక్షరం ఏమిటని అడిగింది, చెప్పాం, తెచ్చి ఇచ్చింది. తెరిస్తే అందులో ఉన్నది ఎనిమిదో మార్పు ముక్క.

"ఆదిలాబాద్‌లో ఇంకో కాపీ ఉందా?"

"మొత్తం ప్రోగ్రాం ఉన్నది. గిదే ఫ్లాపీల సుత ఉన్నది. మార్పులు విడివిడిగ మాత్రం గీ ఒక్కదాంట్లనే."

చిక్కు అక్కడే. ఆమె పూర్తి ప్రోగ్రాం అలాగే పెడితే నా సంచుల లెక్క పోతుంది. నాది పెడితే ఎడ్ల లెక్క పోతుంది. రెండూ ఒకటి కావాలంటే ఆమె మార్పులు ఒక్కొక్కటిగా నా ప్రోగ్రాం మీదికి ఎక్కాలి, ఏడు లేకుండా తొమ్మిది, దాని పైవి ఎక్కవు.

అప్పుడే సారు వచ్చారు. మా ముఖాలు చూశారు. "ఏమైంది? గట్ల కూసున్నరేంది?"

అక్క ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నా పేరు ఎత్తలేదు, "ఒక మాట తేడా వచ్చింది సార్" అంది.

"అయితె ఫికర్ చెయ్యకుండ్రి. ఇప్పటికి కరీంనగర్‌దే తీస్కపో. ఎడ్ల సంగతి వచ్చే సాలు చూద్దం."

"వచ్చే సాలు దాంక ఎడ్లు బండి కాడ ఆగుతయా సార్?"

సారుకు నవ్వు వచ్చింది కానీ మాట మార్చుకోలేదు. "బస్సు ఎక్కేటప్పుడు నీ చేతుల ఏదుంటె అదే" అని లోపలి గదిలోకి వెళ్లారు.

అక్క తెర వంక చూస్తూ కూర్చుంది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అడిగింది. "తమ్మీ, కుండలు కిందికెళ్లి పేర్చుడేనా? పైకెళ్లి దించుడు రాదా నీ దొంతికి?"

ఆ మాటతో నాకు దారి తట్టింది.

"అక్కా, ఆగు. జర ఆగు!" ఎరువుల కంపెనీ క్యాలెండర్ గోడ మీద నుంచి తీసి, వెనక వైపు రాయడం మొదలుపెట్టాను. ఆమె పూర్తి ప్రోగ్రాం అంటే పన్నెండు మార్పులూ ఎక్కిన దొంతి. దాంట్లోంచి పన్నెండు దించు, పదకొండు దించు, అట్లా ఎనిమిది దాకా దించు. మిగిలేది ఏడు మార్పుల ప్రోగ్రాం. ఇటు మార్పులేవీ లేని మొదటి ప్రోగ్రాం మీదికి కింది నుంచి ఆరు ఎక్కించు. మిగిలేది ఆరు మార్పుల ప్రోగ్రాం. ఒకదాని పక్కన ఒకటి పెడితే...

"రెండిట్ల తేడా ఏదుంటదో గదే ఏడు!" అక్క టేబుల్ మీద చరిచింది. "బరోబర్!"

దించడం ఆలోచనలోనే ఉంది, నేను రాసి ఉండలేదు, దొంతి ప్రతిసారీ కింది నుంచే మళ్లీ పేర్చేది. కానీ రాయడానికి ఏముంది? ప్రతి మార్పులో పోయిన పంక్తులూ ఉన్నాయి, వచ్చిన పంక్తులూ ఉన్నాయి. వాటిని తారుమారు చేస్తే ఎక్కించేదే దించేది అవుతుంది. కీబోర్డు మీద చేతులు పెట్టానో లేదో కరెంటు పోయింది. అక్క నవ్వడం మొదలుపెట్టింది, నాకూ నవ్వు ఆగలేదు. కిటికీ దగ్గరికి జరిగి క్యాలెండర్ వెనకనే ప్రోగ్రాం మొత్తం రాశాను. ఆమె పక్కన నిలబడి పంక్తి పంక్తి చదివి, ఒకచోట దించే వరుస కూడా తలకిందులు కావాలి కదా అంది. అది నేను మరిచిపోయాను. పైన కుండ ఉండగా కింద కుండ లాగుతున్నాను.

కరెంటు వచ్చింది. ఈసారి ముందు ఫ్లాపీకి రెండు కాపీలు తీశాను. రాసింది కొట్టాను. నడిపాను. పన్నెండు దిగింది. పదకొండు దిగింది. ఒక్కొక్కటి దిగుతుంటే అక్క కిందికి, కిందికి అని చేత్తో సైగ చేస్తోంది. ఎనిమిది దిగింది. అవతలి ఫైలుతో పోల్చమన్నాను. తెర మీదికి కొన్ని పంక్తులు వచ్చాయి. వాటి మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో, ఆమె రాసినట్టే, ఎడ్లున్నాయా?

"వచ్చింది! తమ్మీ, వచ్చింది!"

లోపలి గదిలోంచి "ఏం వచ్చింది?" అని సారు గొంతు.

"ఎడ్లు సార్!" అంది అక్క.

బస్సుకు ఇంకా టైం ఉంది. ఆ సంతోషంలో ముందుగా సర్దు కమాండ్‌లోని మాటలు దిద్దుకున్నాం. అక్క చెబుతుంటే నేను కొట్టాను. తెరిచి చూడాలంటే "చూపు". వద్దనుకుంటే "పక్కకు". పక్కకు అంటే చెరపడం కాదు, వేరేచోట పెట్టి ఉంచడం, అడిగితే మళ్లీ ఇవ్వడం. సగంలో మనసు మారితే "వద్దు", అప్పుడు ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే పోవాలి. "తీ" అన్న మాటను ప్రోగ్రాం అంతా వెతికి పట్టుకున్నాను.

"ఇప్పుడు తీసెయ్" అంది అక్క. "గిది తీసెయ్యాల్సిందే."

అప్పుడు ఆమె పన్నెండు మార్పుల్ని నా ప్రోగ్రాం మీదికి ఎక్కించాం. అయిదో దాని దగ్గర ఆగింది. చీటీ తలకట్టులో నేను సంచులు అని రాసిన పంక్తినే ఆమె బండ్లు అని మార్చింది. ఏది ఉంచాలో దొంతికి తెలియదు, మా చేతికిచ్చింది. అక్క ఆ పంక్తిలో సంచులు, బండ్లు రెండూ పక్కపక్కన వచ్చేట్టు దిద్ది, నా వంక చూసి, "కానియ్" అని కొట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆగలేదు. పన్నెండు.

సారు వచ్చి కూర్చున్నారు. తనకు తోచిన బండి ఒకటి ఊహించుకుని నిండు తూకం కొట్టారు. ఎడ్లున్నాయా అంటే ఉన్నాయన్నారు. ఖాళీ తూకం దగ్గర కావాలనే లేవన్నారు. ప్రోగ్రాం చీటీ ఇవ్వలేదు, ఎడ్లు కట్టి మళ్లీ తూచమంది. ఆయన మళ్లీ లేవని కొట్టారు. మళ్లీ అదే మాట.

"పైసలు పెట్టి కొన్న కంప్యూటర్, నా మాట ఇంటలేదు" అన్నారు. లేచి, "బస్సుకు టైం అయితలేదా?" అని అక్కను అడిగారు. ఆయన ఒప్పుకోవడం అంటే అంతే.

మరునాడు నాకు ఏ పనీ సాగలేదు. ఫోన్ మోగిన ప్రతిసారీ నేనే ఎత్తాను. మధ్యాహ్నం దాటాక ఎస్టీడీ బూత్ నుంచి అక్క గొంతు, వెనక బజారు రొద.

"కాంటా మంచిగ నడుస్తున్నది తమ్మీ. ఒకాయన ఎడ్లను చెరువుకు తోలిండు నీళ్లకు. చీటీ రాలే. తిట్టుకుంట పోయి పట్టుకొచ్చిండు. మళ్ల తూచినం. తూకం బరోబర్ వచ్చింది. తిట్టుడు మాత్రం బంద్ చెయ్యలే."

"ఇంకేమన్నా తేడా వచ్చిందా?"

"వచ్చింది. ఇంకొకాయనవి రెండెడ్లు నీళ్లకు పోయినయ్, ఒకటే వచ్చింది. రెండోది కూసున్నది, లేస్తలేదు. ప్రోగ్రాం ఎడ్లున్నాయా అంటది. ఉన్నయనాల్నా, లేవనాల్నా?"

"అయ్యో, అయితే నేను రేపు..."

"నువ్వెందుకు? ఎన్ని ఎడ్లు అని అడిగేటట్టు నేనే మార్చిన. పైన పెట్టలే, సర్దు కొట్టి, ఏడు కాడ మార్చు అని రాసి, దాంట్లనే దిద్దిన. కానియ్ అన్న. పైవి అన్ని ఎక్కినయ్." రొద మధ్య ఆమె నవ్వు వినిపించింది. "ఒక్కటి సుత చోటు దొరకలేదనలే తమ్మీ. ఇగ పెట్టేస్త, బయట బండ్లున్నయ్."