నాన్న పేరున రాసిన మందులు

ఆ పేటలో పై అంతస్తుల్లో ఉండేవాళ్లకు అతను ముందు చప్పుడుగా తెలుసు, తర్వాతే మనిషిగా. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను భుజాన వేసుకుని మెట్లన్నీ పరుగున ఎక్కేవాడు. తలుపు తీసేసరికి క్యాను గుమ్మంలో ఉండేది, మనిషి కింది మలుపులో ఉండేవాడు. ఖాళీ క్యాన్లు రెండు చేతుల్లో మోగించుకుంటూ అతను దిగి వెళ్తుంటే చిన్న వాన ఒకటి ఆ మెట్ల మీదుగా వీధిలోకి వెళ్లిపోతున్నట్టు ఉండేది. అందరూ అతన్ని పరుగు అనే పిలిచేవారు. "పరుగొస్తే రెండు క్యాన్లు దింపమనండి" అని ఒక గుమ్మం ఇంకో గుమ్మానికి చెప్పుకునేది.

సైన్యంలో చేరాలని పదేళ్లప్పుడు అనుకున్నాడు. ఎందుకు అనుకున్నాడో మర్చిపోయాడు గాని, అనుకోవడం మానలేదు. ఇరవై మూడు నిండితే తీసుకోరు. నిండటానికి ఇంకా రెండు నెలలుంది. ఇదివరకు ఒకసారి పరుగులో పది సెకన్ల తేడాతో పోయింది. ఇంకోసారి రాతపరీక్షలో పోయింది. ఈసారి రెండూ గట్టెక్కాయి. వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది.

మైదానంలో కుర్రాళ్లకు తర్ఫీదు ఇచ్చే పెద్దాయన ఒకప్పటి సైనికుడు. ఆయన ఎడమ మోకాలు వంగదు, నోరు మాత్రం ఎటంటే అటు తిరుగుతుంది.

"ఒరేయ్, ఆ కాగితం మీద ముప్పై రెండు ప్రశ్నలుంటాయి. ఆ జబ్బు చేసిందా, ఈ మందు మింగావా అని. ముప్పై రెండింటికీ జవాబు ఒకటే. లేదు. ఇంతకంటే తేలికైన పరీక్ష మీ జన్మలో రాసుండరు."

"నిజంగా ఏదైనా ఉంటే సార్?" అన్నారెవరో.

"ఉంటే ఇంట్లో కూర్చోబెట్టి రా. నీతోపాటు దానికి కూడా ఉద్యోగం ఇవ్వరు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

అతనికి ఉంది. పద్దెనిమిదో ఏట అమ్మ మూడు రోజుల జ్వరంతో పోయింది. కర్మలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక, ఒకరోజు పొద్దున్న మంచం అంచున కూర్చుని ఒక కాలికి బూటు తొడుక్కున్నాడు. సాయంత్రం నాన్న వచ్చేసరికి రెండో బూటు చేతిలోనే ఉంది. ఆ తర్వాత చాలా రోజులు అలాగే గడిచాయి. రొమ్ములో తడిసిన గోనెసంచి పెట్టినట్టుండేది. ఏడుద్దామంటే ఏడుపు కూడా లేవలేకపోయేది.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఒక రాత్రి జేబులోంచి మాత్రల అట్ట తీసి ఇచ్చాడు. "రాత్రి తిన్నాక ఒకటి" అన్నాడు. పది నెలలు మింగాడు. మెల్లగా ఉప్పు ఉప్పులా తెలిసింది, ఎండ ఎండలా తగిలింది. తర్వాత సగం మాత్ర, ఆ తర్వాత పావు, ఆ తర్వాత ఏమీ లేదు. నాలుగేళ్లయింది. ఆ గోనెసంచి మళ్లీ రాలేదు.

అయితే ఆ మందులు ఎవరూ అతన్ని చూసి రాసినవి కావు. నాన్న రెండు గంటలు ప్రయాణం చేసి ఇంకో ఊళ్లో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గర కూర్చుని, జబ్బు తనదేనని చెప్పి రాయించుకున్నాడు. నెలనెలా అదే పని.

"నీ పేరు మీద ఒక్క కాగితం కూడా ఉండకూడదురా. రేపు సైన్యంవాళ్లు చూస్తే నువ్వు ఉతికిన గుడ్డలా కనబడాలి" అన్నాడు.

నాయనమ్మ ముక్కున వేలేసుకుంది. "జబ్బు వాడిది, చెప్పేది వీడు, మింగేది వాడు! ఒకడు అన్నం తింటే ఇంకొకడు చెయ్యి కడుక్కున్నట్టుంది మీ వైద్యం."

"నువ్వూరుకోమ్మా. నీకు తెలీదు."

"నాకు తెలీకే ఇంతమందిని పెంచాను మరి" అంది ఆవిడ గోడవైపు తిరిగి.

వైద్య పరీక్ష జరిగే గదికి సున్నం కొత్తగా వేశారు. బనియన్లతో వరసలో నిలబడ్డ కుర్రాళ్ల వీపులు ఆ తెలుపులో మరీ నల్లగా, మరీ లేతగా కనిపించాయి. సైనిక డాక్టరు కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, తల ఎత్తకుండా అడుగుతున్నాడు. మూర్ఛ? లేదు. ఉబ్బసం? లేదు. నిద్రకు గాని మనసుకు గాని మందులు? లేదు. పెద్దాయన చెప్పినట్టే, మెట్లు దిగినంత తేలిగ్గా ఉంది.

"తల్లిదండ్రులు?"

"నాన్న ఉన్నాడు సార్. అమ్మ లేదు."

"ఎప్పుడు పోయింది?"

"ఐదేళ్లవుతోంది."

డాక్టరు తల ఎత్తాడు. "అప్పటికి చిన్నవాడివేగా. ఎలా తట్టుకున్నావు?"

అది కాగితం మీద లేని ప్రశ్న. దానికి మైదానంలో ఎవరూ జవాబు నేర్పలేదు. ఐదేళ్లలో ఆ మాట అడిగిన మనిషి కూడా లేడు. అతని నోట్లోంచి మాట దానంతట అదే బయటికొచ్చింది.

"తట్టుకోలేదు సార్. పది నెలలు మందులు మింగాను. ఇందాక లేదని చెప్పింది అబద్ధం."

వెనక వరసలో ఎవరో నాలుక చప్పరించారు. డాక్టరు కాగితాన్ని మళ్లీ ముందుకు లాక్కున్నాడు. తర్వాత, కోపం లేకుండానే, ఆ గడిలో ముందు రాసింది కొట్టేసి అవును అని రాశాడు.

"చెప్పి మంచిపని చేశావు. ఇదొక్కటే చూసి పంపించెయ్యరు. వైద్యం చేసిన డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం తెచ్చుకో. ఏం జబ్బు, ఏం మందు, ఎప్పుడు ఆపారు, ఇప్పుడెలా ఉన్నావు. పదిహేను రోజుల గడువు. రాకపోతే నా చేతిలో ఏమీ ఉండదు."

ఇల్లు చేరేదాకా అతనికి గుండె తేలిగ్గానే ఉంది. గుమ్మంలో అడుగుపెట్టి, నాన్న మొహం చూశాకే తెలిసింది, ఏ డాక్టరూ తనకు వైద్యం చెయ్యలేదని.

"ఎవరడిగార్రా నిన్ను?" అన్నాడు నాన్న. "నీ పేరు మీద కాగితం లేకుండా నానా తంటాలు పడ్డాను. నీ నోటితో నువ్వే రాయించుకొచ్చావు!"

"అడిగాడు నాన్నా."

"అడిగితే? వెళ్లి చెప్పు. కంగారులో ఏదో అన్నాను, ఏ మందూ మింగలేదని చెప్పు."

"రాసేసుకున్నారు. ఇప్పుడు కాదంటే రెండుసార్లు అబద్ధమాడినవాణ్ణవుతాను."

"నిజం చెప్పి ఏం పీకావు?"

నాయనమ్మ మధ్యలోకి వచ్చింది. "వాడిమీద అరుస్తావేంరా? వెళ్లి ఆ డాక్టరమ్మ కాళ్లమీద పడు. జబ్బు నువ్వు చెప్పావుగా, ఇప్పుడు అబద్ధం కూడా నువ్వే చెప్పుకో."

నాన్న ఏదో ఒక సాకు చెబుతూ పది రోజులు గడిపాడు. డిపోలో సెలవివ్వలేదన్నాడు, డాక్టరమ్మ ఊళ్లో ఉండదేమోనన్నాడు. పదకొండో రోజు ఇద్దరూ వెళ్లారు.

డాక్టరమ్మ గది చిన్నది. కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. నాన్న తలను చేత్తో నిమురుకుంటూ అంతా చెప్పాడు.

"మీరు చెప్పినదాన్నిబట్టి మూడో నెల మోతాదు పెంచాను. అది ఈ అబ్బాయి మింగాడా? వీడికేమైనా అయ్యుంటే?"

"తప్పయిపోయింది మేడం. ఇప్పుడు వీడికి ఒక్క ఉత్తరం..."

"నేను చూడని మనిషికి వైద్యం చేశానని ఎలా రాస్తాను? ఈరోజు ఎలా ఉన్నాడో రాయగలను. అప్పుడెలా ఉన్నాడో నాకు తెలీదు. నా దగ్గరున్నది మీ ఫైలు."

"వీడికి ఏముందో అదే చెప్పాను మేడం నేను. చూసి చెప్పాను."

ఆవిడ బీరువాలోంచి పాత ఫైలు తీసి, అతని వైపు చూస్తూ చదివింది. "పక్కమీంచి లేవబుద్ధి కాదు. ఆకలి లేదు."

"అవును మేడం. నాకే" అన్నాడు అతను.

"రెండో నెల. కళ్లు మూసుకోగానే వంటింట్లో ఎవరో కొళాయి కట్టేస్తున్న చప్పుడు. లేచి చూస్తే ఎవరూ లేరు."

రాత్రి అందరూ పడుకున్నాక ఆఖరున కొళాయి కట్టేసేది అమ్మే. కాని అతనికి ఎప్పుడూ ఆ చప్పుడు వినబడలేదు.

"మూడో నెల. ఎవరూ లేని స్టాపుల్లో బస్సు ఆపుతున్నాను. ఆమె నిలబడి ఉంటుంది. తలుపు తెరిచాక ఉండదు." ఆవిడ ఫైలు మూసింది. "నువ్వు బస్సు నడిపావా బాబూ?"

"లేదు మేడం."

నాన్న కిటికీలోంచి ఆ గోడను చూస్తున్నాడు. గోడ మీద ఏదో రాసి ఉన్నట్టు, అది చదవడం పూర్తికానట్టు.

"మీకు ఇప్పుడు మందు రాస్తాను. ఈసారి మీరు మింగండి" అంది డాక్టరమ్మ మెత్తగా.

"వద్దు మేడం. రేపు పొద్దున్నే డ్యూటీ."

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఇంకో నాలుగు రోజులుంది. చూడని మనిషికి రాసే డాక్టరు ఈ ఊళ్లోనూ లేడు, ఆ ఊళ్లోనూ లేడు. అతని కాళ్లలో ఉన్న బలమంతా ఎటూ పోవడానికి లేక అక్కడే నిలబడిపోయింది. నాన్న మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. కోపం కూడా చేతికి అందలేదు.

"ఇప్పటికీ వినిపిస్తుందా?" అని అడిగాడు చివరికి.

"అప్పుడప్పుడు."

"మరి ఆ మాత్రలు నువ్వు ఎందుకు మింగలేదు?"

"ఉన్నవి ఒకరికే సరిపోయేవిరా. పైగా అవి మింగి స్టీరింగ్ పట్టుకోకూడదంది ఆవిడ." నాన్న అరచేతుల్ని ఒకదాంతో ఒకటి రుద్దుకున్నాడు. "నీకు ఉద్యోగం వచ్చాక బస్సు మానేసి మింగుదాంలే అనుకున్నాను."

రోడ్డు మీద వాళ్లూరి బస్సు వచ్చి ఆగింది. ఇద్దరూ దాన్ని చూశారు. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.