ఎలుకమూతి వ్యాను, పిడికెడు బియ్యం

ఇవాళ పొద్దున కొరియర్ అబ్బాయి ఇచ్చిన పార్సిల్ విప్పగానే పాత రంగు, లోహం, కాస్త రబ్బరు కలిసిన వాసన గుప్పుమంది. బుడగల కవరులోంచి వేలెడంత అమెరికా మినీవ్యాను బయటపడింది. పక్క తలుపు జరుగుతుంది, వెనక తలుపు పైకి లేస్తుంది, టాపు మాత్రం సగం దాకా కోసేసి ఉంటుంది. అలాంటి బండిని అక్కడ ఎవరు కొని ఎక్కారో నాకు తెలియదు. నరసరావుపేటలో మా హాలు బీరువా నిండా ఇవే ఉన్నాయి. లోకంలో అందరూ రేసుకార్లు దాచుకుంటే నేను వంకరమూతి వ్యాన్లు దాచుకుంటాను. మా కాలేజీ పిల్లలు ఇంటికొచ్చినప్పుడు “ఇవే ఎందుకు మేడమ్?” అంటే, చిన్నప్పటి సరదా అని చెప్పి టీ ఇచ్చి పంపిస్తాను. అసలు సంగతి చెబితే వాళ్ళు మా ఇంట్లో టీ తాగరు.

మా చిన్నప్పుడు మెయిన్ రోడ్డులో ఒక ఫ్యాన్సీ కొట్టు ఉండేది. రిబ్బన్లు, తిలకం సీసాలు, జడగంటల మధ్య ఒక ప్లాస్టిక్ తొట్టిలో మద్రాసు నుంచి తెచ్చిన ఇనపబొమ్మ కార్లు పోసి ఉంచేవాడు కొట్టాయన. మగపిల్లలు ఎగబడి ఎర్ర రేసుకార్లు ఏరుకుపోగా అడుగున మిగిలేవి వ్యాన్లే. “ఇయ్యి ఎవురికీ అక్కర్లా, మీరు తీసుకోండమ్మా,” అని ఆయన మా చేతుల్లో పెట్టేవాడు. అలా ఎవరికీ అక్కర్లేనివి మాకు ప్రాణమయ్యాయి. మేమంటే నేనూ, మా సందు చివర టింకరింగ్ షెడ్డు మస్తాన్ మావ కూతురు షమీమూ. మస్తాన్ మావ లారీల సొట్టలు తీసి, రేకులు అతికి, రంగులు వేసేవాడు. మా నాన్న మిరపకాయల వ్యాపారానికి తిరిగే లారీలన్నీ ఆయన సుత్తి దెబ్బలు తిన్నవే.

మా ఇంట్లో నేలంతా మాచర్ల వైపు నుంచి వచ్చిన నాపరాళ్ళు. రాయికీ రాయికీ మధ్య ఉన్న గీతలే మాకు రోడ్లు. వేసవి మొదలయ్యే రోజుల్లో, కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఊరంతా తుమ్ముతున్నప్పుడు, చల్లటి ఆ రాళ్ళ మీద బోర్లా పడుకుని వ్యాన్లు నడిపేవాళ్ళం. పత్తిగింజలు ప్రయాణికులు. “గురజాల, దాచేపల్లి, మాచర్ల, మాచర్ల!” అని ట్రెక్కరు జీపుల వాళ్ళలా అరుస్తూ గింజల్ని కుక్కేవాళ్ళం, ఒక్కో వ్యానులో ఇరవై దాకా పట్టేవి. చక్రం బిగుసుకుంటే వాళ్ళమ్మ కుట్టుమిషను నూనె ఒక చుక్క షమీమే తెచ్చి పోసేది. బండి పొట్ట కింద అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది పేరు చదవడం కూడా తనే కనిపెట్టింది. నాకేమో కూడబెట్టడం తప్ప ఏదీ కనిపెట్టడం రాలేదు.

నా దగ్గర పదకొండు వ్యాన్లు ఉండేవి, తన దగ్గర ఎనిమిది. కానీ తనవి లారీ డ్రైవర్లు బొంబాయి నుంచీ మద్రాసు నుంచీ తెచ్చిచ్చినవి. వాటిలో ఒకదానికి పక్కలకి చెక్క అతికించినట్టు గోధుమరంగు చారలు, టాపు మీద సామాన్లు కట్టుకునే కమ్మీలు. ఆ చెక్కవ్యాను మీద నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. మూడు వ్యాన్లకి మార్చుకుందామంటే ఇవ్వలేదు, ఐదిస్తానన్నా ఇవ్వలేదు. “ఇది మా నాయన నాకు తెప్పించిందే, దీన్ని ఎట్టిస్తానే?” అనేది మెత్తగా. ఆ మెత్తదనానికే నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో, దీపాలు కట్టిన ప్రభల వెలుగులో చెరుకుముక్కలు నములుతూ తిరుగుతుంటే, బొమ్మల అంగట్లో నాకొకటి దొరికింది. ముందు అద్దం ఏటవాలుగా ముక్కు చివరిదాకా జారిపోయి అచ్చం ఎలుకమూతిలా ఉండే వ్యాను. ఇంటికి రాగానే షమీమ్‌కి చూపించి ఏడిపించాను. తనేమో ఏడవకుండా “భలే ఉందే రాజీ” అని ముద్దుచేసింది.

వారం తిరక్కుండా రంజాన్ నెల వచ్చింది. షమీమ్‌కి పదేళ్ళు. ఆ ఏడే మొదటి రోజా పెట్టించారు. మొదటి రోజా అంటే వాళ్ళిళ్ళల్లో చిన్న పెళ్ళే. కొత్త బట్టలు కుట్టించి, సాయంత్రం ఉపవాసం విప్పే వేళకి మెడలో పూలదండ వేసి, సందు సందంతా పిలిచి ఖర్జూరాలూ పకోడీలూ సేమియా పాయసమూ పెడతారు. మస్తాన్ మావ ముందురోజే ఇంటింటికీ వచ్చి “మా పిల్ల మొదటి రోజా, అందరూ రావాల,” అని చెప్పి వెళ్ళాడు. ఆ పొద్దున షమీమ్ జరీ అంచున్న ఆకుపచ్చ చుడీదారు వేసుకుని మా ఇంటికొస్తే మా అమ్మ దిష్టి తీసింది, నాయనమ్మ బుగ్గ గిల్లింది, పనిమనిషి సుబ్బులు “పెళ్ళికూతురల్లే ఉందే,” అంది. నన్ను ఎవరూ చూడలేదు. తన ఒళ్ళు కాస్త నీరసించినా నవ్వుతూనే ఉంది. ఉమ్మి మింగినా రోజా పోతుందని ఎవరో చెప్పారట, నిమిషానికోసారి లేచి గోడ పక్కకెళ్ళి ఊసి వస్తోంది. నేను తన ముందే కొత్త చింతపండులో ఉప్పూ కారం దంచి, పుల్లకి గుచ్చి చీకుతూ కూర్చున్నాను.

ఆడుకుందామని చూస్తే ఎలుకమూతి వ్యాను కనపడలేదు. నేను పెట్టిన ఏడుపుకి ఇల్లు దద్దరిల్లింది. తిరునాళ్ళ బొమ్మ పోవడం ఇంటికి మంచిది కాదని నాయనమ్మ అప్పటికప్పుడు తేల్చేసింది. “ఎవురు తీశారో సాయంత్రం బియ్యమే చెబుతాయి,” అంది.

బియ్యం నమిలించడమంటే ఇప్పటివాళ్ళకి తెలియదు. ఇంట్లో వస్తువు పోతే అనుమానమున్న వాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యాన్ని అంకమ్మ తల్లికి మొక్కి తలా పిడికెడు చేతిలో పోస్తారు. నమిలి అరిటాకు మీద ఊయాలి. ముద్దగా పడితే దొర, పొడిగా రాలితే దొంగ. భయానికి దొంగ నోరు ఎండిపోతుందని లెక్క. మా నాయనమ్మ ఈ పద్ధతిలో ముంతనూ ముక్కుపుడకనూ పట్టుకుందని మా వీధిలో పేరు.

మధ్యాహ్నం అన్నం తిని మిరపకాయల కొట్లోకి వెళ్ళాను. టిక్కీ బస్తాల వెనక, గోడకీ గోతానికీ మధ్య, ఎలుకమూతి వ్యాను కనపడింది. ముందురోజు నేనే అక్కడ ఆడుకుని వదిలేశాను. తీసి బయటికొచ్చి “దొరికింది” అంటే సరిపోయేది. చెప్పలేదు. మొదట తిడతారని భయపడ్డాను. ఆ భయం కాసేపే. తర్వాత ఆకుపచ్చ చుడీదారు గుర్తొచ్చింది, చెక్కవ్యాను గుర్తొచ్చింది, ఇంకో బుద్ధి పుట్టింది. వ్యానును గోతం కిందకి ఇంకా లోపలికి తోసేసి వచ్చాను. పిల్లల మనసు మల్లెపువ్వని రాసేవాళ్ళు ఒకసారి నన్ను కలవాలి.

నాలుగింటికి వసారాలో వరస కూర్చోబెట్టారు. సుబ్బులు, పాలేరు ఏసు, నేను, షమీమ్. సుబ్బులు నమిలింది, ముద్దే పడింది. ఏసుదీ అంతే. నా నోట్లో చింతపండు పులుపు ఇంకా ఊరుతూనే ఉంది. నా ముద్ద అందరికంటే మెత్తగా పడింది. “నా మనవరాలు బంగారం,” అంది నాయనమ్మ.

షమీమ్ చెయ్యి చాపలేదు. “అమ్మమ్మా, నాకియ్యాల రోజా. పొద్దు గుంకినాక నములుతా,” అంది.

“వాయిదాలు ఎవురడుగుతారో నాకు తెలుసు. మీ పీర్ల పేరు కూడా తల్చుకునే ఇస్తన్నా, నవులు,” అంది నాయనమ్మ.

షమీమ్ నా వైపు చూసింది. పొద్దుటి నుంచీ తను ఊస్తూనే ఉందనీ, ఆ నోట్లో తడి చుక్క కూడా లేదనీ ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆ మాట నేను చెబుతానని చూసింది. నేను అన్న మాట ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

“తప్పు చెయ్యకపోతే నమలొచ్చుగా!”

నమిలింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి గానీ నోట్లో నీళ్ళు లేవు. ఊస్తే బియ్యం పొడిపొడిగా ఆకు మీద రాలాయి. సుబ్బులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సూర్యుడు అస్తమించడానికి ఇంకా రెండు గంటలుంది. అంతసేపు ఆపుకొచ్చిన రోజా పోయింది, పేరూ పోయింది.

కబురు సందంతా పాకడానికి ఎంతసేపు? సాయంత్రం మస్తాన్ మావ ఇంటికి ఎవరూ వెళ్ళలేదు. మెడలో పడాల్సిన దండ వాళ్ళ గుమ్మం మేకుకే వేలాడింది. మర్నాడు పొద్దున్నే ఆయన బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. షమీమ్ వ్యాన్లు ఎనిమిదీ అందులో ఉన్నాయి. “మీ బొమ్మ యాడ పెట్టిందో చెప్పట్లేదు పెద్దమ్మా. ఎంత కొట్టినా చెప్పట్లేదు. ఇయ్యన్నీ ఉంచుకోండి,” అన్నాడు తల ఎత్తకుండా. నేను తలుపు చాటున తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన వీధి మలుపు తిరిగాక డబ్బా తెరిచి చెక్కవ్యాను తీసుకున్నాను. నాకు సంతోషమేసింది. ఏడుపు రాలేదు, జాలి కలగలేదు, సంతోషమేసింది. పెద్దయ్యాక ఎంత సిగ్గుపడినా ఆ సంతోషం అబద్ధమైపోదు.

షెడ్డుకి లారీలు రావడం తగ్గింది. మా నాన్నే తన లారీల్ని ఇంకో షెడ్డుకి పంపించాడు. ఏడాదిలోపే వాళ్ళు మాచర్ల వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ షెడ్డు చోట మొబైల్ షాపు, ఫ్యాన్సీ కొట్టు చోట నగల దుకాణం ఉన్నాయి. నాపరాళ్ళు పెకిలించి టైల్స్ వేయించాం, వాటి మధ్య గీతలు కూడా లేవు. నాయనమ్మ పోయింది, ఆమెతోనే బియ్యం నమిలించడమూ పోయింది. ఇది ఒక్కటి పోయినందుకు మాత్రం నాకు బెంగ లేదు.

మొన్న మాఘమాసంలో మాచర్లలో ఒక పెళ్ళికి వెళ్తే జాకెట్టు చంక దగ్గర పిగిలింది. ఎవరో పక్క వీధిలో లేడీస్ టైలర్ ఉందని చూపించారు. మిషను మీంచి తలెత్తిన మనిషి షమీమ్. తను నన్ను గుర్తుపట్టి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, “బాగున్నావా రాజీ?” అంది. ఆ మెత్తదనం అలాగే ఉంది. చిన్నప్పుడు మండిన ఒళ్ళు ఇప్పుడు కుంచించుకుపోయింది. కుడుతుంటే చూస్తూ ఇక ఉండబట్టలేక చెప్పేశాను. వ్యాను పోలేదనీ, ఆ మధ్యాహ్నమే నాకు దొరికిందనీ, కావాలనే దాచాననీ.

మిషను ఆగింది. తిడుతుందని కాచుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. షమీమ్ నా వైపు తిరిగింది.

“అయితే నేను తియ్యలేదా?” అంది.

నాకు అర్థం కాలేదు.

“బియ్యం ఎండిపోయి పడ్డయ్యిగా. బియ్యం అబద్ధం చెప్పవు గదా, నేనే యాడో తెలీకుండా తీసుంటాననుకున్నా. మా ఇల్లంతా ఎతికా. ఎంత ఎతికినా దొరకలా. తీశానని నాయనతో ఒప్పుకున్నా గూడా. ఆ పాపానికి ఏటా రంజాన్ అయిపోయినాక ఇంకొక రోజా ఉంటన్నానే, ఇయ్యాల్టికీ.”

జాకెట్టు మడిచి నా చేతిలో పెట్టింది. దారం ముక్క తెంపుతూ తలొంచుకుని అంది:

“మా నాయన పోయి నాలుగేళ్ళయింది. దొంగపిల్ల తండ్రిగానే పోయాడు.”