పోగులు ఎవరివి

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా నాన్న ఒక సేటు దగ్గర సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను మేము సాంచలనే అంటాం. బట్టలో అడ్డంగా పడే నూలు కండెలు ఇట్టే అయిపోయేవి. నాలుగు సాంచల మధ్య పరుగెత్తే మనిషికి కండెలు చుట్టుకునే తీరిక ఎక్కడిది? అందుకని కండెలు చుట్టడానికి ఎవరి మనిషిని వాళ్లే, తమ కూలిలోంచి ఇచ్చి పెట్టుకునేవారు. మా నాన్న పక్కింటి అక్కను పెట్టుకున్నాడు. కండెలు చుట్టే మిషన్ సేటుది, నూలు సేటుది, బట్టా సేటుదే. అక్క మాత్రం మాది!

నేను నాన్నకు సద్ది మూట పట్టుకుని వెళ్లిన ఒక మధ్యాహ్నం, నా కళ్ల ముందే అక్క చెయ్యి మిషన్ బెల్టులో పడింది. వేళ్లు నలిగిపోయాయి. నాన్న తువ్వాలు చుట్టి, కరీంనగర్ పెద్దాసుపత్రికి జీపు ఇవ్వమని సేటును బతిమాలాడు. సేటు కుర్చీలోంచి లేవలేదు.

"గా పిల్లను నేను పెట్టుకున్ననా? నువ్వు పెట్టుకున్నవ్, నువ్వే సూసుకో."

గట్టిగా అడిగితే సాంచల పని పోతుంది. ఊరుకుంటే అక్క చెయ్యి పోతుంది. నాన్న అక్క చేతికి తువ్వాలును ఇంకో చుట్టు బిగించాడు.

అంతలో సేటు తల్లి లోపలి నుంచి వచ్చింది. ఒకప్పుడు మగ్గం మీద నేసిన ముసలామె. అమ్మకానికి మడతపెట్టిన బట్టొకటి ఒళ్లో వేసుకుని, కత్తిరించిన అంచు నుంచి అడ్డపు పోగులు ఒక్కొక్కటే లాగసాగింది. సేటు లబోదిబోమన్నాడు.

"ఏం జేస్తున్నవే అవ్వా?"

"గీ పోగులు గా పిల్ల సుట్టినయి. పిల్ల మనది కాదంటివి, పోగులు మనయి ఎట్లయితయ్ కొడుకా? తీసేస్తున్న. మిగిలింది అమ్ముకో."

ఆమె చేతిలో బట్ట చివర ఉత్త నిలువు దారాలై వేలాడింది. సేటు కుర్చీలోంచి లేచి జీపు తాళంచెవి తీశాడు.

అక్క చెయ్యి దక్కింది, రెండు వేళ్లు మాత్రం వంగవు. నాన్న ఆ తర్వాత కూడా సేటు ముందు తలొంచుకునే నిలబడ్డాడు. సాంచలు తప్ప ఆయనకు వేరే పనేం వచ్చు?

ఇప్పుడు కోరుట్లలో మా ఇంటిపైన మరో అంతస్తు కడుతున్నాం. కూలీలు తన మనుషులని, వాళ్ల సంగతి నాకెందుకని మేస్త్రీ విసుక్కుంటాడు. విసుక్కోనీ. తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కే ప్రతి పిల్లనూ ఆపి పేరు అడుగుతాను. ఆపైన ఒక్క మాట చెబుతాను.

"కాలు జారితె మేస్త్రీని గాదు బిడ్డా, నన్ను పిలువు."