పన్నెండుమంది హెల్పర్లు

ఇందులో ప్రతి మాటా నిజం. నా తలమీద, కావాలంటే మీ తలమీద కూడా చేయి పెట్టి చెబుతాను. కెనడాలో మా విన్నిపెగ్ తెలుగువాళ్ళు నా మాటను సగానికి కోసుకుని వింటారు. ఈ ఒక్కసారికి కోయకండి.

నేను ఫోర్‌మన్‌గా ఉన్న షెడ్డులో ధాన్యం మోసే ట్రెయిలర్లు తయారవుతాయి. ఏడాది వెతికినా మంచి వెల్డర్ దొరకలేదు. చివరికి, పనివాళ్ళకు ఇక్కడ స్థిరపడే వీసా ఇప్పించే ప్రావిన్షియల్ నామినీ ప్రోగ్రామ్ కింద బయటిదేశం నుంచి పిలిపిద్దామన్నాడు మా ఓనరు. గాజువాకలో ఒకతన్ని నేనే పట్టాను. అతను వెల్డింగ్ చేస్తూ తీసి పంపిన వీడియో చూస్తూ ఓనరు చేతిలో కాఫీ చల్లారబెట్టుకున్నాడు. "ఇతన్ని వదలకు" అన్నాడు.

కాగితాలు నింపే పని నామీద పడింది. అతనికి తొమ్మిదేళ్ళ అనుభవం, ప్రోగ్రామ్ అడిగినదానికంటే ఎక్కువే. అక్కడితో ఆగవచ్చు. కానీ ఉప్పు సరిపోయిన కూరలో కూడా ఇంకో చిటికెడు వేస్తే తప్ప నా చేయి ఊరుకోదు. "పన్నెండుమంది హెల్పర్లపై అజమాయిషీ" అని రాశాను.

సంతకానికి పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

"అన్నా, పన్నెండుమందని రాసీసినారేటి? నాకున్నది ఒక్కడే హెల్పరు. ఆడూ మంగళవారం రాడు."

"మిగతా పదకొండుమందికీ రోజూ మంగళవారమే అనుకో, తమ్ముడూ! ఇక్కడ అందరూ అలాగే రాస్తారు. పెట్టు సంతకం."

"మీరు చెప్పినాక ఇంకేటుందన్నా," అని పెట్టాడు. నా భరోసా మీదే ఉన్న ఉద్యోగానికి రాజీనామా కూడా ఇచ్చేశాడు.

రెండు నెలలకు ప్రోగ్రామ్ ఆఫీసరు అతనికి ఫోన్ చేసింది. పన్నెండుమందికీ పని ఎలా పంచేవారని అడిగింది. "అంతమంది లేరు మేడమ్, ఒక్కడే" అన్నాడు. మరి ఎవరు రాశారంటే, "సంతకం నాదే కదండి" అన్నాడు. నా ఊసు ఎత్తలేదు. దరఖాస్తును తిరస్కరిస్తూ మాకు వచ్చిన ఉత్తరంలోనే ఆ మాటలన్నీ ఉన్నాయి. తప్పుడు సమాచారమట. కొన్నేళ్ళదాకా మళ్ళీ అప్లై చేయడానికి వీల్లేదట.

ఓనరు ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. "ఇంత పనిమంతుడు అబద్ధం ఎందుకు ఆడాడో!" అని తల అడ్డంగా ఊపాడు. పక్కనే నిలబడి నేనూ ఊపాను.

ఆ సాయంత్రమే అతనికి ఫోన్ చేసి, తప్పంతా నాదే తమ్ముడూ అన్నాను. అతను నవ్వేసి, "పోన్లే అన్నా, ఆ పదకొండుమందికే వీసా రాలేదనుకుందాం" అన్నాడు.

ఇదిగో, ఈ ఫోను ఒక్కటే నేను కల్పించింది. నేను చేయలేదు. మూడుసార్లు చేసింది అతనే. మూడుసార్లూ అది మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను. మా షెడ్డులో అతను ఇప్పటికీ అబద్ధాలకోరే.