ఎస్టేటు బిళ్ళ

ఉదయగిరిలో పెంచలయ్యను ఎవరూ పేరు పెట్టి పిలవరు, ‘ఎస్టేటు’ అంటారు. జమీందారు దగ్గర బంట్రోతుగా ముసలివాడైనాడు. ఆ రోజుల్లో ఎస్టేటంటే రాజుగారు, చూపు ఆనినంత నేల, ఎదురొచ్చినవాళ్ళు దారి వదలడం. చట్టం వచ్చి జమీ రద్దయ్యాక ఆ మాట ఎగతాళిగా మారి ఇతని మీద వాలింది. అయినా పొద్దున్నే ఇత్తడి బిళ్ళను చింతపండుతో తళతళా తోమి, డవాలు పట్టీకి తగిలించి భుజాన వేసుకుంటాడు. ఇవాళ ఇంట్లో మిగిలిన కాస్త చింతపండూ దానికే అయిపోయింది.

“చారులోకి ఏం పిసకమంటావు? ఎస్టేటు ఎప్పుడో పోయె గదా,” అంది భార్య తిరుపాలమ్మ.

“యాడికి పోయిందే? ఊరంతా నన్ను అట్నే గదా పిలస్తా ఉండేది.”

పెంచలయ్య వట్టి సంగటిలో నీళ్ళు పోసుకున్నాడు. బిళ్ళ తడవకుండా పట్టీని వీపు మీదికి జరుపుకుని తిన్నాడు.