చూస్తామని వచ్చినవాళ్ళు

మా యూనివర్సిటీలో పరిశోధనలకు అనుమతిచ్చే కమిటీలో నాకు చాదస్తుడని పేరు. పల్లెల్లో రక్తం తీయాలన్నా, ఫోటో తీయాలన్నా జనానికి చదివి వినిపించే తెలుగు కాగితం ముందు మా దగ్గరకు రావాలి. అందులో "మిమ్మల్ని చూస్తాం" అని ఎక్కడున్నా నేను కొట్టేస్తాను. కుర్ర లెక్చరర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ మాటను మా అమ్మ ఎలా అర్థం చేసుకుందో వాళ్ళకేం తెలుసు?

మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెం. యాభైల చివర్లో, నేను బడికి పోయే రోజుల్లో, ఒక జీపు ఇసకలో కూరుకుపోతూ లేస్తూ మా పాళేనికి వచ్చింది. అందులోంచి దిగిన యూనివర్సిటీ వాళ్ళు నేరుగా కాపు దగ్గరకు పోయారు. మా పాళెం పెద్దను కాపు అంటాం. ఆయన మాట ఇచ్చాడంటే ఊరంతా ఇచ్చినట్టే. కాదన్నవాళ్ళు జరిమానా కట్టాలి. "మీ ఊళ్ళో బోదకాళ్ళ వాళ్ళను చూస్తామయ్యా" అన్నారు వాళ్ళు. డాక్టరు చూశాడంటే మందిచ్చాడనే కదా మన భాషలో! కాపు పొంగిపోయి ఊళ్ళో టముకు వేయించాడు.

మా అమ్మ ఎడమకాలు మోకాలి కిందనుంచి వాచిపోయి ఉండేది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషికి అది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు పిక్కమీద పొడిపించుకున్న తేలు పచ్చబొట్టు, కాలితోపాటు సాగి సాగి పీతంత అయింది. జ్వరం తగిలి కాలు ఎర్రబారిన రోజు ఆమె గంప ఎత్తలేకపోయేది. ఆ రోజు మాకు గంజే.

జీపు వచ్చిన రోజు అమ్మ తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, బడిపాక దగ్గరకు అందరికంటే ముందు పోయింది. వాళ్ళు టేపుతో కాలు కొలిచారు. తర్వాత చీర మోకాలి పైకి ఎత్తమన్నారు. పరాయి మగవాళ్ళ ముందు అమ్మ అలా నిలబడడం నేను ఎన్నడూ ఎరగను. ఆమె గట్టిగా కళ్ళు మూసుకుంది. "కదలకమ్మా" అని ఒకాయన గదమాయించి ఫోటో తీశాడు. అంతే, అందరూ జీపెక్కి పోయారు.

"మందేదమ్మా?" అని అడిగాను.

"ఈపొద్దు చూసుకోని పోయినారు గదా అబ్బయా. మళ్ళా వచ్చినప్పుడు తెస్తారు" అంది.

వాళ్ళు మళ్ళీ రాలేదు. కాపు కూడా ఆ మాట ఎత్తడం మానేశాడు. అమ్మ మాత్రం ఎక్కడ మోటారు చప్పుడైనా గంప దించి దారివైపు చూసేది.

కొన్నేళ్ళకు నేను జంతుశాస్త్రం చదవడానికి యూనివర్సిటీలో చేరాను. ఒకనాడు క్లాసులో కిటికీలు మూసి, రోగాల పాఠానికి సంబంధించిన బొమ్మలు గోడమీద వేసి చూపిస్తున్నారు. ఒక బొమ్మలో తేలు కనిపించింది. కళ్ళమీద నల్లటి పట్టీ వేశారు గానీ, కాలు మా అమ్మదే.

"ఏనుగు కాలురోయ్!" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా నవ్వింది. మా ప్రొఫెసరు చెడ్డవాడు కాదు. నవ్వినవాళ్ళను కసిరాడు. "నెల్లూరు జిల్లాలో ఊరిపెద్ద అనుమతితో మేం తీసిన ఫోటో ఇది. ఆమె ఎవరో తెలియకుండా మొహం కూడా కప్పాం" అన్నాడు.

ఒక అమ్మాయి లేచి, "ఆమెకు తగ్గిందా సార్?" అని అడిగింది.

"మేం వైద్యానికి పోలేదమ్మా. చూడ్డానికి పోయాం."

నా ఒళ్ళంతా చెమట పట్టింది. కోపంతో అని రాసుకుంటే బాగానే ఉంటుంది. కాదు, సిగ్గుతో. వాళ్ళు చేసిన పనికి కాదు, ఆ కాలు మా అమ్మది అయినందుకు. పక్కవాడు మోచేత్తో పొడిచి, "మీ నెల్లూరు సముద్రం వైపేనా అది?" అన్నాడు. "మాది టౌను" అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

సెలవులకు ఇంటికి పోయేసరికి అమ్మ గుడిసె ముందు చేపలు ఎండబెడుతోంది. కాకుల్ని తోలే నెపంతో పక్కన కూర్చుని ఫోటో సంగతి చెప్పాను. నవ్వుల సంగతి చెప్పలేదు. ఆమె తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. కానీ ఆమె మొహం విప్పారింది.

"అంటే వాళ్ళు నీకు కనపడినారా?"

"ఆఁ. అందులో ఒకాయన మాకు పాఠం చెప్తాడు."

"అట్టయితే ఇంకేంది! ఆమె మాయమ్మేనని చెప్పుంటావు గదా. ఏమన్నా మందిచ్చి పంపినాడా?" అంటూ అమ్మ చేతులు చీరకు తుడుచుకుని నా ముందు దోసిలి పట్టింది.